పాలపళ్ళ మీద పడిన నింద

ఈ మధ్య మా యింట నిద్ర కరవైంది. ఎనిమిదో నెల నడుస్తున్న మనవరాలికి కింది చిగుళ్ళ మీద రెండు తెల్లని గీతలు పొడసూపుతున్నాయి. పగలంతా చొంగ కారుస్తూ, చేతికందిన ప్రతి వస్తువునూ నోట పెట్టుకుని నమిలే పిల్ల, రాత్రయ్యేసరికి గంటకోసారి లేచి రాగాలు తీస్తున్నది. అమ్మాయి, అల్లుడు, మా ఆవిడ, నేను వంతులు వేసుకుని భుజాన వేసుకు తిప్పుతున్నాము. నా వంతు రెండింటికి మొదలై నాలుగింటికి ముగుస్తుంది. ఈ వ్యాసానికి కావలసిన ఆలోచన అంతా ఆ రెండు గంటల నడకలో పుట్టినదే.

నిద్ర లేని ఇంటికి సలహాలకు లోటుండదు. జాజికాయ అరగదీసి నాలుకకు రాయమన్నారు పక్కింటి పిన్నిగారు. అమ్మాయి స్నేహితురాలొకామె విదేశం నుండి పసుపుపచ్చని పూసల దండ పంపిస్తానన్నది, మెడలో వేస్తే నొప్పి లాగేస్తుందట. మందుల దుకాణంలోని కుర్రవాడు చిగుళ్ళకు రాసే లేపనం ఒకటి చూపించాడు. మా వియ్యపురాలు ఫోనులో, "పళ్ళొచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలే వదినగారూ, కంగారు పడకండి" అని మా ఆవిడకు ధైర్యం చెప్పారు.

ఆవిడ మంచి మనసుతో అన్నమాటే అది. కాని ఆ 'మామూలే' అన్న పదం చెవిన పడితే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ముప్పయ్యేళ్ళ పైచిలుకు నాటి మాట. మా అబ్బాయికి పదో నెల. పై పళ్ళు వస్తున్నాయి. విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు పళ్ళొచ్చే విరేచనాలన్నారు. నేనూ అన్నాను. నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని నీళ్ళు తగ్గించాము. మూడు రోజులు గడిచాయి. నాలుగో నాటి ఉదయం పిల్లవాడి కళ్ళు గుంటలు పడ్డాయి, మాడు లోతుకు పోయింది, ఏడుస్తే కన్నీరు రావడం లేదు. ఆసుపత్రికి పరుగెత్తాము. సెలైను ఎక్కించి బతికించిన వైద్యుడు మమ్మల్ని కోప్పడలేదు. పన్ను వచ్చిన మాట నిజమే గాని, ఈ జబ్బుకు అది సాక్షే తప్ప ముద్దాయి కాదని మాత్రం చెప్పాడు. ఆ మాట ఇన్నేళ్ళుగా నాతోనే ఉన్నది. పాలపళ్ళ మీద ఈ నింద ఎప్పుడు పడింది, ఎవరు వేశారు, దాని వల్ల ఎవరు నష్టపోయారు అని అప్పుడప్పుడు వెదుకుతూ వచ్చాను. దొరికినది ఇక్కడ కూర్చుతున్నాను.

నింద చాలా పాతది. అథర్వవేదం ఆరవ కాండలో ఒక చిన్న సూక్తం ఉంది. పసివాడికి కొత్తగా వచ్చిన రెండు దంతాలను అది రెండు పులులుగా భావిస్తుంది. తల్లిదండ్రులను తినగోరుతూ కిందికి దిగి వచ్చిన పులులవి. వాటిని శాంతింపజేసి వడ్లు, యవలు, మినుములు, నువ్వులు తినమని, అమ్మానాన్నల జోలికి పోవద్దని వేడుకుంటుంది. కిందికి దిగి వచ్చినవంటే పై పళ్ళన్నమాట. పై పళ్ళు ముందుగా వచ్చినప్పుడు చేయవలసిన శాంతికి ఈ సూక్తాన్ని కౌశికసూత్రం వినియోగించింది. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని మన తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ అంటారు. వేదకాలంలో తల్లిదండ్రులకు ఉన్న ముప్పు మన దగ్గరికి వచ్చేసరికి పాపం మేనమామ నెత్తిన పడింది. మనిషి మారినా భయం మారలేదు.

ఆయుర్వేదంలో కౌమారభృత్యానికి, అంటే శిశువైద్యానికి, పెద్ద దిక్కు కాశ్యపసంహిత. అందులో దంతజన్మ గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఒకసారి మాత్రమే పుట్టే దంతాలు, రాలి తిరిగి పుట్టేవి అని విభాగం చేసి, రెండవ వాటిని ద్విజములన్నాడు. దంతానికి మన నిఘంటువుల్లో ద్విజమనే పేరు ఉండటంలోని ఔచిత్యం అదే. ఆడపిల్లలకు చిగుళ్ళు మెత్తన గనుక పళ్ళు త్వరగా, తక్కువ బాధతో వస్తాయనీ, మగపిల్లలకు ఆలస్యంగా, ఎక్కువ బాధతో వస్తాయనీ కూడా చెప్పాడు. మా మనవరాలి ఏడుపు విన్నవారెవరూ ఈ రెండవ మాటను ఒప్పుకోరు గాని, బాధకు కారణాన్ని దైవంలో కాక చిగురు మెత్తదనంలో వెదికిన దృష్టి మెచ్చదగినది.

ఇక వాగ్భటుడు. అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో ఆయన దంతోద్భేదాన్ని సకల రోగాలకూ మూలమన్నాడు. జ్వరం, విరేచనాలు, దగ్గు, వాంతులు, తలనొప్పి అన్నీ దాని ఖాతాలోకి చేర్చాడు. పిల్లికి వెన్ను విరిగినప్పుడు, నెమలికి తలపై కుచ్చు మొలిచేటప్పుడు, బాలునికి దంతం పుట్టేటప్పుడు బాధపడని అవయవమంటూ ఉండదని పోలిక కూడా తెచ్చాడు. ఇంతవరకు చదివితే ఆయన కూడా నిందమోపిన వారిలో ఒకడే. కాని ఆ వెంటనే ఆయన చెప్పిన మాట నన్ను ఆపివేసింది. దంతాలు వచ్చేటప్పటి రోగాలలో పిల్లవాణ్ణి పథ్యాలతో, కట్టడులతో అతిగా నిర్బంధించవద్దు, పళ్ళు వచ్చాక అవి తమంతట తామే శమిస్తాయి అన్నాడు. చిగుళ్ళకు రాయడానికి పిప్పలి చూర్ణమో, ఆరెపువ్వు, ఉసిరికల చూర్ణమో తేనెతో కలిపి చెప్పాడు, అంతే. (ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వరాదని నేటి వైద్యం చెబుతున్నది. శిశువుల్లో బొట్యులిజం అనే విషవ్యాధిని 1976లో గుర్తించాక తెలిసిన సంగతి ఇది. వాగ్భటునికి తెలిసే వీలు లేదు.) రోగాన్ని ఎంత పెద్దగా ఊహించాడో చికిత్సను అంత చిన్నదిగా ఉంచాడు. ఆ నిగ్రహం ఎంత విలువైనదో పడమటి దేశాల కథ చదివితే గాని తెలియదు.

గ్రీసులో హిపోక్రటీస్ పేరిట వచ్చిన సూక్తులలో, పళ్ళు వచ్చే పిల్లలకు చిగుళ్ళ దురద, జ్వరం, మూర్ఛలు, విరేచనాలు కలుగుతాయని, ముఖ్యంగా కోరపళ్ళు వచ్చేటప్పుడు అని ఉంది. ఆయన అన్నాడు గనుక దాదాపు రెండు వేల యేళ్ళ పాటు ఎదురు చెప్పినవారు అరుదు. డయాస్కోరిడీస్ కుందేలు మెదడును చిగుళ్ళకు రాయమన్నాడు. ప్లినీ తోడేలు పన్నును తాయెత్తుగా కట్టడం గురించి రాశాడు. తరువాతి శతాబ్దాల యూరపు ధనికుల ఇళ్ళలో పగడానికి వెండి గజ్జెలు తాపించిన కొరుకుడు బొమ్మలు వెలిశాయి. పగడం చల్లనిది, గట్టిది, పైగా దృష్టి తగలదని నమ్మకం. ఇవన్నీ హాస్యాస్పదంగా తోచవచ్చు గాని, ఒక్క విషయం గమనించాలి. కుందేలు మెదడు వల్ల, తోడేలు పన్ను వల్ల పిల్లలకు పెద్దగా హాని లేదు. వైద్యం తన చేతికి కత్తి తీసుకున్నప్పుడు అసలు కథ మొదలయింది.

పదహారవ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రుయాజ్ పారే, నెవేర్ ప్రభువు గారి ఎనిమిది నెలల కొడుకు చనిపోగా, కారణం కనుగొనమని కోరినప్పుడు శవపరీక్ష చేశాడు. వేరే కారణమేదీ కనబడలేదు. చిగుళ్ళు కోసి చూస్తే లోపల పళ్ళు బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నాయి. బతికి ఉండగానే ఇలా కోసి ఉంటే బిడ్డ దక్కేవాడని నిశ్చయించాడు. చనిపోయిన బిడ్డ చిగుళ్ళలో పళ్ళుండటం వింత కాదు, ఎనిమిది నెలల పిల్లలందరి చిగుళ్ళలోనూ ఉంటాయి. అయినా ఆనాటి నుంచి చిగురు కోయడం శాస్త్రసమ్మతమైన చికిత్స అయింది. పద్దెనిమిదవ శతాబ్దపు మహాశస్త్రవైద్యుడు జాన్ హంటర్, ఒకే పంటి కోసం పది సార్లకు పైగా చిగురు కోసిన సందర్భాలు తనకున్నాయని రాసుకున్నాడు. నాడీవ్యవస్థలో ప్రతీకార చర్యల గురించి పరిశోధించి పేరు పొందిన మార్షల్ హాల్, అవసరం లేకున్నా 199 సార్లు కోయడం మేలు గాని, అవసరమైన ఒక్కసారి కోయక విడవరాదన్నాడు. మత్తు లేదు, కత్తిని మరిగించే అలవాటు లేదు. ఒక బిడ్డ నోట్లోని కత్తే మరో బిడ్డ నోట్లోకి. వీరు మూర్ఖులు కారు, తమ కాలపు మేధావులు. అందుకే భయమేస్తుంది.

ఆ కాలపు జనన మరణాల చిట్టాలు చూస్తే వీరి తొందర ఎందుకో కొంత తెలుస్తుంది. లండను నగరంలో ఏ వ్యాధితో ఎందరు పోయారో అచ్చువేసే మరణపట్టికలు ఉండేవి. జాన్ గ్రాంట్ 1662లో వాటిని విశ్లేషించి రాసిన పుస్తకం గణాంకశాస్త్రానికి పునాది రాళ్ళలో ఒకటి. అందులో ఇచ్చిన 1632వ సంవత్సరపు పట్టికలో, మరణకారణాల వరుసలో 'పళ్ళు' అని ఒక పద్దు ఉంది. దాని ఎదుట 470. అంటే ఆ ఒక్క యేట, ఆ ఒక్క నగరంలో, 470 మంది పళ్ళు రావడం వల్ల చనిపోయారని లెక్క. రెండు వందల యేళ్ళు గడిచినా పద్దు చెరగలేదు. ఇంగ్లండు, వేల్సులలో 1839లో పళ్ళ వల్ల పోయినట్లు నమోదైన వారు 5,016 మంది. ఆ 5,016 మందీ నిజమైన బిడ్డలు, నిజంగా పోయినవారే. అబద్ధం ఆ పక్కనున్న ఒక్క మాటలోనే ఉంది. కలుషితమైన నీరు, సీసా పాలు, మశూచి, న్యుమోనియా, పోషణ లేమి, ఇవన్నీ ఆ మాట వెనుక దాక్కున్నాయి. మరణపత్రంలో పన్ను అని రాసినంత కాలం మురుగుకాలువ వంక ఎవరూ చూడనక్కరలేదు.

కత్తి వైద్యుని చేతిలో ఉంటే, సీసా తల్లి చేతికి వచ్చింది. 1849లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బాంగర్ పట్టణంలో, జెరెమయా కర్టిస్, బెంజమిన్ పెర్కిన్స్ అనే ఇద్దరు ఒక ద్రావకాన్ని అమ్మకానికి పెట్టారు. పేరు 'మిసెస్ విన్స్‌లోస్ సూదింగ్ సిరప్'. ఎన్నో యేళ్ళు పసిపిల్లలకు ఉపచారం చేసిన దాది అనుభవసారమని ప్రకటన. పళ్ళొచ్చే పిల్లలకు నొప్పి పోతుంది, తల్లికి విశ్రాంతి దొరుకుతుంది. నిజంగానే దొరికేది. ఎందుకంటే అందులో ఉన్నది మార్ఫిన్, ఔన్సుకు సుమారు 65 మిల్లీగ్రాములు. చిన్న చెంచాడు పోస్తే పదికి పైగా మిల్లీగ్రాములు పసివాడి కడుపులోకి పోతాయి. తీవ్రమైన నొప్పితో బాధపడే పెద్దవాడికి వైద్యులు ఆచితూచి ఇచ్చే మోతాదు అది. పిల్లవాడు నిద్రపోయేవాడు. కొందరు లేచేవారు కారు.

ఆ సీసాల మీద, ప్రకటన చీటీల మీద ఉయ్యాల, చిరునవ్వు నవ్వే తల్లి, బుగ్గలు పొంగిన బిడ్డ. ఏటా 15 లక్షలకు పైగా సీసాలు అమ్ముడుపోయేవని 1868 నాటి లెక్క. దాని పేరు ఎంత ఇంటింటి పేరైందంటే, తరువాత ఇంగ్లండులో ప్రఖ్యాత సంగీతకర్త అయిన ఎడ్వర్డ్ ఎల్గార్, యౌవనంలో కూర్చిన ఒక సుషిరవాద్య స్వరరచనకు ఈ మందు పేరే పెట్టాడు. 1905లో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ అనే పాత్రికేయుడు కోలియర్స్ పత్రికలో రహస్యౌషధాల గుట్టు రట్టు చేస్తూ వ్యాసపరంపర రాశాడు. 1906లో అమెరికా కొత్త చట్టం చేసి, మార్ఫిన్, నల్లమందు వంటివి ఉంటే చీటీ మీద చెప్పి తీరాలన్నది. 1911లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అచ్చువేసిన పుస్తకం ఈ మందును శిశుహంతకుల వరుసలో చేర్చింది.

ఆ తల్లులను మనం తప్పుపట్టవచ్చునా? నేను పట్టలేను. తెల్లవారుజామున మిల్లు కూత వినబడగానే పోవలసిన స్త్రీ, రాత్రి నాలుగు సార్లు లేచిన బిడ్డతో ఏమి చేయగలదు? మన దేశంలోనూ ఇదే కథ. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలు పనికి పోతూ పసివారికి 'బాలగోళీ' అనే నల్లమందు మాత్ర వేసేవారు. నల్లమందు వాడకంపై బ్రిటిషు ప్రభుత్వం 1893లో నియమించిన విచారణ సంఘం ముందు ఈ అలవాటు గురించి సాక్ష్యాలు వచ్చాయి. కార్మికుల స్థితిగతులపై 1931లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక కూడా దీనిని పట్టించుకుంది. కూలికి పోయే తల్లులు పొలం గట్టున చెట్టు కింద ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టే ముందు ఆవగింజంత నల్లమందు పెట్టేవారని మా నాయనమ్మ చెప్పగా చిన్నప్పుడు విన్నాను. ఆవిడ ఆ మాట చెప్పేటప్పుడు తప్పన్నట్టు చెప్పలేదు, ఎండాకాలం ఎండ కాస్తుందన్నట్టు చెప్పింది. ఉగ్గుపాలతో విద్య పెట్టిన వాళ్ళున్నట్టే, ఉగ్గుపాలతో మత్తు పెట్టవలసి వచ్చిన వాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ తల్లులే.

ఇంత దాకా చెప్పినవాటిలో ఒక్కొక్కదానిలో ఒక్కొక్క దుఃఖం ఉంది గాని, నన్ను అన్నిటికన్నా కలచివేసినది గులాబి వ్యాధి కథ. ఇరవయ్యవ శతాబ్దం తొలి భాగంలో ఆస్ట్రేలియా, ఇంగ్లండు, అమెరికాలలో పసిపిల్లలకు ఒక వింత జబ్బు వచ్చేది. అడిలైడ్‌లో వైద్యుడు స్విఫ్ట్ 1914లో దానిని వర్ణించాడు. అరచేతులు, అరికాళ్ళు గులాబి రంగుకు తిరిగి చర్మం ఊడివచ్చేది. బిడ్డ వెలుతురు చూడలేడు, తలను దిండులో దాచుకుంటాడు. చెమటలు పోస్తాయి, కండరాలు వడలిపోతాయి. రాత్రింబవళ్ళు నిద్ర ఉండదు. ఏడుపు, చొంగ. కొందరికి వచ్చిన పళ్ళు కూడా ఊడిపోయేవి. 1939 మొదలు 1948 వరకు ఇంగ్లండు, వేల్సులలోనే ఈ వ్యాధితో 585 మంది చనిపోయారు. కారణం విటమిను లోపమన్నారు, సూక్ష్మజీవి అన్నారు, నరాల వ్యాధి అన్నారు.

1945లో అమెరికాలోని సిన్సినాటిలో జోసెఫ్ వార్కనీ అనే వైద్యుడు, డొనాల్డ్ హబ్బర్డ్ కలిసి ఇటువంటి బిడ్డ మూత్రాన్ని లోహాల కోసం పరీక్ష చేయించారు. పాదరసం బయటపడింది. ఆ పాదరసం ఎక్కడిది? చాలామందికి పళ్ళ పొడి నుంచి. పళ్ళొచ్చే పిల్లలకని ఇంటింటా వాడే పొడి పొట్లాలలో కాలొమెల్ అనే పాదరస లవణం ఉండేది. తోటి వైద్యులు వెంటనే నమ్మలేదు, అంతమంది పిల్లలు ఆ పొడి తింటే కొద్దిమందికే ఎందుకు వస్తుందని అడిగారు. కొన్ని శరీరాలు దానిని తట్టుకోలేవన్నదే జవాబు. చివరికి 1954 నాటికి బ్రిటనులోని తయారీదారులు పొడుల నుంచి పాదరసాన్ని తొలగించారు. కొద్ది యేళ్ళలో గులాబి వ్యాధి కనుమరుగైంది. మందు మానగానే రోగం మాయమైంది.

ఆ రోజుల్లో ఒక ఇంట్లో ఏమి జరిగి ఉంటుందో ఊహించండి. బిడ్డకు నిద్ర లేదు, చొంగ కారుతోంది, ఏడుస్తోంది. అమ్మ పన్ను అనుకుని పొడి వేసింది. పాదరసం చేరి నిద్ర ఇంకా పోయింది, చొంగ ఇంకా ఎక్కువైంది. పన్ను గట్టిగా బాధిస్తోందనుకుని తల్లి ఇంకో పొట్లం విప్పింది. ప్రేమతోనే, చెంచాతో, నడిరాత్రి లేచి మరీ. ఈ దృశ్యం నా నడక వేళల్లో ఎన్నిసార్లు కళ్ళముందు నిలిచిందో చెప్పలేను.

ఇదంతా పాతకాలపు మాట అనుకునే వీలు లేదు. 2008 చివర నైజీరియాలో 'మై పికిన్' అనే పళ్ళ మందు తాగి 84 మంది పిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రావకం కలిసింది. పికిన్ అంటే అక్కడి వ్యవహారంలో బిడ్డ అని అర్థం. మా మందుల దుకాణపు కుర్రవాడు చూపినటువంటి చిగుళ్ళ లేపనాలు కొన్నింటిలో బెంజోకెయిన్ ఉంటుంది. అది అరుదుగా రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి పోగొడుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించి, రెండేళ్ళలోపు పిల్లలకు అటువంటివి అమ్మవద్దని 2018లో చెప్పింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆ పసుపుపచ్చని పూసల దండల గురించీ హెచ్చరించింది. అవి ఆంబర్ పూసలు. నిద్రలో మెడకు బిగుసుకుని ఒక బిడ్డ ప్రాణం పోయింది. మా అమ్మాయి స్నేహితురాలికి సున్నితంగా వద్దని రాశాము.

అయితే పన్ను నిజంగా ఏమీ చేయదా? చేస్తుంది, కొద్దిగా. 2000వ సంవత్సరంలో అమెరికాలోని క్లీవ్‌లండ్ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. 125 మంది పిల్లల తల్లిదండ్రులు రోజుకు రెండుసార్లు జ్వరం చూసి, లక్షణాలన్నీ రాసిపెట్టారు. 475 పళ్ళు వచ్చిన తేదీలతో వాటిని పోల్చి చూశారు. పన్ను రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చిన మూడు రోజుల తర్వాత వరకు, అంటే ఎనిమిది రోజులపాటు, కొరకడం, చొంగ, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, మెలకువ, గట్టి పదార్థాల మీద అనిష్టం, ఒళ్ళు కాస్త వెచ్చబడటం కొంచెం ఎక్కువగా కనబడ్డాయి. ఎక్కువ జ్వరం, విరేచనాలు, వాంతులు, దగ్గు మాత్రం పన్నుతో ముడిపడలేదు. పైగా ఏ ఒక్క లక్షణమూ నూటికి 35 మందిని మించి కనబడలేదు. లక్షణాలు చూసి పన్ను వస్తున్నదని ముందుగా చెప్పడం సాధ్యం కాదని తేల్చారు.

మరి వేల యేళ్ళుగా ఇందరు ఎలా పొరబడ్డారు? మన న్యాయశాస్త్రం ఏనాడో పేరు పెట్టింది, కాకతాళీయమని. కాకి వాలింది, తాటిపండు పడింది. ఆరో నెల నుంచి ముప్పయ్యో నెల వరకు ఇరవై పాలపళ్ళు వస్తాయి. ఒక్కొక్క పంటికి ఎనిమిది రోజులంటే 160 రోజులు. జంటగా వచ్చేవాటికి తగ్గించి లెక్కవేసినా, రెండేళ్ళలో సుమారు నూరు రోజులు ఏదో ఒక పన్ను వస్తూనే ఉంటుంది. సరిగ్గా ఆ వయసులోనే తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతుంది. అన్నప్రాశన జరిగి కొత్త ఆహారం, కొత్త నీరు లోపలికి పోతాయి. పిల్ల పాకుతుంది, నేల మీది ప్రతిదీ నోట పెడుతుంది. తల్లి కనబడకపోతే బెంగపడటం నేర్చి రాత్రిళ్ళు లేచి వెదుక్కుంటుంది. ఇన్నింటి నడుమ పన్ను ఒక్కటే కంటికి కనబడే వస్తువు. అందుచేత నింద దానిమీద పడింది. కారణం తెలియని భయం కన్నా, తప్పయినా సరే ఒక కారణం మనిషికి ఊరట.

ఆ ఊరటకు చెల్లించిన మూల్యం ఒకటి అతిచికిత్స. కత్తి, మార్ఫిన్, పాదరసం ఆ కోవలోనివి. రెండవది ఉపేక్ష. మా ఇంట్లో జరిగింది అదే. 'మామూలే' అన్న ఒక్క మాట మాకు మూడు రోజులు దొంగిలించింది. అప్పటికే, 1971లోనే, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరం నడిచిన బనగావ్‌లో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళతో వేలాది ప్రాణాలు నిలిపి చూపించాడు. ఆ నీళ్ళు మా వంటింట్లోనూ ఉన్నాయి. పన్ను అడ్డుపడి మాకు కనబడలేదు.

ఈసారి మా యింట రెండే నియమాలు. మొదటిది, జ్వరం 100.4 దాటినా, విరేచనాలు పట్టుకున్నా పన్ను పేరెత్తకూడదు, ఓఆర్ఎస్ కలపాలి, వైద్యుని దగ్గరకు పోవాలి. రెండవది, ఉత్త ఏడుపైతే మందు పేరెత్తకూడదు. శుభ్రంగా కడిగిన వేలితో చిగుళ్ళు రుద్దడం, తడిపి చల్లబరచిన మెత్తని గుడ్డ కొరకనివ్వడం, భుజాన వేసుకుని తిప్పడం. ఈ చివరిదానికి వంతులు ఉండాలి. పాత కథలన్నింటిలోనూ తల్లి ఒంటరిగా మేలుకున్నది. ఆ సీసాలూ, ఆ పొట్లాలూ అమ్ముడుపోయింది ఆ ఒంటరితనంలోనే అని నాకు తోస్తుంది. ఆమె పక్కన రెండింటి నుంచి నాలుగింటి దాకా మేలుకునే మనిషి ఇంకొకరు ఉండి ఉంటే ఎన్ని చెంచాలు వెనక్కి మళ్ళేవో.

అతిగా నిర్బంధించవద్దు, వాటంతట అవే శమిస్తాయని వాగ్భటుడు చెప్పినది పంటి బాధ వరకూ అక్షరాలా నిజం. ఏది పంటి బాధో, ఏది కాదో తెలుసుకోవడం ఆయన తరువాత మనం నేర్చిన పాఠం.

నిన్న ఉదయం మా ఆవిడ ఉగ్గు పెడుతుంటే చెంచా మనవరాలి నోట్లో టంగుమన్నది. అందరం పరుగున పోయి చూశాము. కింది చిగురు మీద బియ్యపుగింజ పాటి మొదటి పన్ను. పులేమీ కాదు. రాత్రి మాత్రం యథాప్రకారం రెండింటికి లేచింది. రెండో పన్ను దారిలో ఉన్నదని మా ఆవిడ అన్నది. ఏమో, అది పన్నో కాదో నాకు తెలియదు. నా వంతు గనుక లేచి ఎత్తుకున్నాను.